రొట్టె పలక అమ్మిన రోజులు

సామాన్ల కొట్లలో అమ్మకం పనికి చేరబోయే కుర్రాళ్లు ఈ మధ్య కొందరు మా ఇంటికి వస్తున్నారు. "మీ అనుభవం నాలుగు ముక్కలు చెప్పండి తాతగారూ" అంటారు. చెప్పడం మొదలుపెడితే రెండో ముక్కకే వాళ్ల చూపు వీధిలోకి పోతుంది. నాకు ఒళ్లు మండి, చెప్పడం మానేసి రాయడం మొదలుపెట్టాను. చదివేవాళ్లు చదువుతారు, లేకపోతే లేదు.

నేను ఎప్పుడు ఏ మెట్టు ఎక్కానో, ఎవరు నాకు శాలువా కప్పారో ఇందులో ఉండదు. దాని వల్ల మీకు ఒరిగేదేమీ లేదు. విజయవాడని అందరూ బెజవాడ అనే రోజుల్లో, రెండో ప్రపంచ యుద్ధం జరుగుతుండగా, ఒక్క సరుకు అమ్మడానికి మేం పడ్డ పాట్లు రాస్తాను. ఆ ఒక్క సరుకు నాకు నేర్పినంత, ఆ తర్వాత జన్మంతా అమ్మినవన్నీ కలిపి నేర్పలేదు.

పని సంగతి

అమ్మేవాడికి నోరుండాలని అందరూ అంటారు. వట్టి మాట. అమ్మేవాడికి కాళ్లుండాలి, చెవులుండాలి. నోరు బాగా ఉన్నవాళ్లు నాతో పాటు చాలామంది చేరారు. వాళ్లలో ఎక్కువమంది ఏడాది తిరక్కుండా ఇంకో పని చూసుకున్నారు.

మాది పెడన. నేత కుటుంబం. మగ్గం గుంటలో కూర్చోవడం నాకు పడలేదు. మా నాన్న "కూర్చుని తినే అదృష్టం లేదురా నీకు, తిరుగు" అని తిట్టి పంపించేశాడు. బెజవాడ వన్ టౌన్‌లో కోటిలింగం గారి కొట్లో కుదిరాను. పింగాణీ, గాజు, లాంతర్లు, ఎనామిల్ గిన్నెలు, చాకులు, చెంచాలు ఆయన వ్యాపారం. టోకుగానూ అమ్మేవాడు, విడిగానూ అమ్మేవాడు. నేను నమూనాలు సంచీలో వేసుకుని ఊళ్ల మీద తిరగాలి. పెట్రోలు దొరకని కాలం కాబట్టి బొగ్గు బస్సులు నడిచేవి. ఎత్తు వస్తే దిగి తోయాలి. దిగినప్పుడు సంచీ బస్సులో వదిలేస్తే లోపల గాజు సామాను గతి ఏమవుతుందో నేను వేరే చెప్పక్కర్లేదు. సంచీ భుజాన పెట్టుకునే బస్సు తోసేవాణ్ణి.

కోటిలింగం గారు చెడ్డవాడు కాదు. మంచివాడని కూడా అనను. ఏ మనిషి వల్ల ఏం పని జరుగుతుందో చూసేవాడు, ఆ పని అయ్యాక ఇంకో వైపు చూసేవాడు. యజమానుల్లో ఇలాంటి వాళ్లే ఎక్కువ. తిట్టే యజమానితో మీకు ఇబ్బంది ఉండదు, తిట్టు అయిపోగానే అతని కోపం కూడా అయిపోతుంది. నవ్వుతూ ఉండే యజమాని దగ్గర జాగ్రత్తగా ఉండండి. కోటిలింగం గారు ఎప్పుడూ నవ్వుతూ ఉండేవారు.

దానియేలు గారు

నాకు పని నేర్పింది దానియేలు గారు. అప్పటికే ఆయనకి యాభై దాటాయి. వాళ్ల నాన్న బందరులో మిషనరీ దొరల బంగళాలో వంటమనిషి. దానియేలు గారు కూడా ఆ వంటింట్లోనే పెరిగి, తర్వాత చాలామంది ఆఫీసరు దొరల దగ్గర బట్లరుగా చేశారు. జుట్టు నెరిసే దాకా ఆయన్ని ఆ దొరలు, వాళ్ల చంటిపిల్లలతో సహా, "బాయ్" అని పిలిచేవారట. ఒకరోజు ఒక దొరసాని ఆరేళ్ల కొడుకు అలా పిలిచినప్పుడు, చేతిలో టీ ట్రే జాగ్రత్తగా బల్ల మీద పెట్టి, కోటు విప్పి మడత పెట్టి ఇచ్చేసి, ఇంటికి వచ్చేశానని నాకు చెప్పారు.

ఇంగ్లీషు సామాన్లలో ఏది దేనికి వాడతారో తెలిసినవాడు కావాలని కోటిలింగం గారు ఆయన్ని పెట్టుకున్నారు. "కొట్లో అందరూ ఆయన్ని గారు అనే పిలవాలి" అని మాకు ఆర్డరు వేశారు. కొనేవాళ్ల దగ్గర కొట్టుకి బరువు వస్తుందని ఆయన ఉద్దేశం. మర్యాద మీద ప్రేమతో కాదు. అయితేనేం, ఊరవతల పేటలో పుట్టిన క్రైస్తవుణ్ణి వన్ టౌన్ బజారులో అందరూ "దానియేలు గారూ" అని పిలవడం ఆ రోజుల్లో చిన్న విషయం కాదు.

"నాగేశం, నాకు ఈ ఉద్యోగం పోతే మళ్లీ ఏదో బంగళా వంటింటికే పోవాలోయ్. అన్నం దొరుకుతుంది, దానికేం. ఈ పిలుపు దొరకదు" అని నాతో ఒకసారి అన్నారు. ఆ మాట చాలా మామూలుగా అన్నారు.

గోదాములో పెట్టెలు

యుద్ధం మొదలవడానికి కొంచెం ముందు ఇంగ్లండు నుంచి రొట్టె పలకలు వచ్చాయి. వంటింటి సామాను తాతముత్తాతల నాటి నుంచి చేస్తున్న ఒక కంపెనీ సరుకు. గుండ్రటి పలక, పళ్లెం అంత ఉంటుంది, అంగుళం మందం. ఏదో తెల్లటి చెక్క, పేరు నాకు తెలియదు. వాసన లేదు, చీలిక లేదు, చెయ్యి వేస్తే పాలమీగడ తగిలినట్టు ఉండేది. అంచు చుట్టూ గోధుమ వెన్నులు చెక్కారు. వెన్నుల మధ్యలో మెలికలు తిరిగిన ఇంగ్లీషు అక్షరాలు, బ్రెడ్ అంటే రొట్టె అనే మాట. తెలిసి చూస్తే తప్ప అవి అక్షరాలని పోల్చుకోవడం కష్టం. తీగలూ ఆకులూ అనుకోవాల్సిందే.

రొట్టెని దాని మీద పెట్టి కొయ్యాలి, అదే పలకని అలాగే తెచ్చి బల్ల మధ్యలో పెట్టి వడ్డించాలి. అదీ దాని వాడకం. తడిపి వదిలేయకూడదు, ఎండలో పెట్టకూడదు, తుడిచి నిలబెట్టాలి, నెలకోసారి నూనె రాయాలి. ఇవన్నీ దానియేలు గారు నాకు నేర్పారు.

అవి తెప్పించమన్నది దానియేలు గారే. బంగళాల్లో దొరసానులు అడుగుతున్నారు, ఓ పెట్టె తెప్పిద్దామన్నారు. కోటిలింగం గారికి ఆశ పుట్టి మూడు పెట్టెలు తెప్పించారు. ఇంతలో యుద్ధం వచ్చింది. దొరసానులు పిల్లల్ని తీసుకుని ఎక్కడివాళ్లు అక్కడికి వెళ్లిపోయారు. బల్ల మీద రొట్టె కోసుకుని తినే కొంపలు ఊళ్లో వేళ్ల మీద లెక్కపెట్టేటన్ని మిగిలాయి. ఒక పెట్టె కూడా పూర్తిగా పోలేదు.

ఒకరోజు కోటిలింగం గారు మా ఇద్దర్నీ గోదాములోకి పిలిచి, నవ్వుతూనే అన్నారు.

"దానియేలు గారూ, ఇవి మీ మాట మీద తెప్పించిన సరుకండీ. చోటు ఆక్రమించుక్కూర్చున్నాయి. వీటి సంగతి తేలిస్తేగానీ మీ సంగతి నేను ఆలోచించలేను."

"తేలుస్తానండీ" అన్నారు దానియేలు గారు.

మూడు పెట్టెలు తెప్పించమని ఆయన అనలేదు కదా అని నాకు నోటిదాకా వచ్చింది. దానియేలు గారు నా చెయ్యి పట్టుకుని బయటికి తీసుకొచ్చేశారు. ఈ పలకలు ఎలాగైనా అమ్మి ఆయన ఉద్యోగం నిలబెట్టాలని ఆ రోజు నాకు పంతం పట్టింది.

కత్తిపీట

ముందుగా ఉయ్యూరు వెళ్లాను. చక్కెర ఫ్యాక్టరీ వచ్చాక ఆ చుట్టుపక్కల చెరకు రైతులకి చేతిలో డబ్బు ఆడుతోంది, కొత్త వస్తువంటే చూస్తారని నా ఊహ. శేషమ్మ గారని ఒక పెద్ద రైతు భార్య, అంతకు ముందు నా దగ్గర లాంతర్లు కొన్నారు. వాళ్ల వంటింటి వసారాలో చేరాను.

ఆవిడ నేల మీద కత్తిపీట వేసుకుని, దాని చెక్క మీద మోకాలు మోపి, వంకాయలు తరుగుతున్నారు. పక్కన ఉప్పునీళ్ల గిన్నె. నేను ఎదురుగా బాసింపట్టు వేసుకుని పలక ముందు పెట్టాను. బుట్టలోంచి ఒక వంకాయ తీసి పలక మీద పెట్టి, చాకుతో కొయ్యడం మొదలుపెట్టాను.

"ఏంటయ్యా అది?"

"ఇంగ్లీషు వాళ్ల తరిగే పలకండీ. మీరు కాయని కత్తి మీదకి తీసుకెళ్తారు. వాళ్లు కత్తిని కాయ మీదకి తెస్తారు."

"కత్తి కదులుతుంటే చెయ్యి తెగదూ?"

"తెగదండీ, అలవాటు ఉంటే" అంటూ వేలు కోసుకున్నాను.

ఆవిడ నవ్వాపుకోలేక కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నారు. వేలికి పసుపు అద్ది గుడ్డ కట్టారు. కట్టి మళ్లీ కత్తిపీట ముందు కూర్చుని, నేను గుడ్డ ముడి సరిచూసుకునేలోపల బుట్టెడు వంకాయలూ నీళ్లలో పడేశారు. రెండు చేతులూ ఖాళీగా ఉంటాయి కత్తిపీటకి. ఒక చేత్తో కాయ నెట్టడం, ఇంకో చేత్తో ముక్క అందుకోవడం. చాకుతో ఆ వేగం ఎక్కణ్ణుంచి వస్తుంది?

"నీ పలక మీద కూర కొయ్యాలంటే మా ఆయన పొద్దున్న అడిగిన అన్నం రేపు తినాలయ్యా" అన్నారావిడ.

మీరు ఏ సరుకైనా అమ్మబోయే ముందు, అవతలివాళ్లు ఆ పని ఇప్పటికే ఎలా చేసుకుంటున్నారో చూసి రండి. చూడకుండా వెళ్తే నాలాగే వేలు కోసుకుంటారు.

నేను సంచీ సర్దుకుంటుంటే శేషమ్మ గారు పలక చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పారు. అంచు మీద వేలు రాస్తూ, "వరి కంకులు చెక్కాడే! భలే ఉంది. కింద రెండు చెక్కలు కొట్టిస్తే పీట అవుద్ది కదా. నాకు పొయ్యి ముందు కూర్చోడానికి బాగుంటుంది" అన్నారు.

అవునండీ పీటే అన్నాను. ఆవిడ ఒకటి తీసుకున్నారు. అది చూసి పక్కింటావిడ ఒకటి, ఎదురింటావిడ ఒకటి. సంచీలో ఉన్నవన్నీ సాయంత్రానికి అయిపోయాయి. బొగ్గు బస్సు తోస్తున్నా నాకు ఆయాసం తెలియలేదు.

ఆ తర్వాత ఆ చుట్టుపక్కల ఊళ్లలో "ఇంగ్లీషు నక్షీ పీట" అని కేకేసి అమ్మాను. కోటిలింగం గారు నా భుజం తట్టారు. దానియేలు గారితో మాత్రం, ఎలా అమ్ముతున్నానో నేను చెప్పలేదు. ఎవరో చెప్పారు.

"కూర్చుంటున్నారా దాని మీద?" అని అడిగారు. ఆయన ముఖం ఎర్రబడిపోయింది.

"అమ్ముడుపోతున్నాయి కదండీ. మీకోసమే కదా నేను..."

"నాకోసం అయితే ఆపెయ్యి. అది రొట్టె పెట్టుకునేది నాగేశం. మా నాన్న దాన్ని రెండు చేతులతో పట్టుకుని బల్ల దగ్గరికి తీసుకెళ్లేవాడు. గుళ్లో బల్ల మీద ప్రభువు రొట్టె విరిచేది అలాంటి దాని మీదే. ఇంకోటి చెప్తా విను. ఫలానా అని అబద్ధం చెప్పి అంటగట్టిన సరుకు ఎక్కడికీ పోదు. తిరిగి మన గుమ్మం ముందుకే వస్తుంది."

నాకు చిర్రెత్తుకొచ్చింది. ఎవరి ఉద్యోగం కోసం ఎవరు తిప్పలు పడుతున్నారు? నీతులు ఎప్పుడైనా చెప్పుకోవచ్చు, ముందు కుర్చీ మిగలాలి కదా అనుకుని, పీటలనే అమ్ముతూ పోయాను. ఇప్పుడు అడిగినా, నా ఆలోచనలో పెద్ద తప్పు ఉందని అనను. ఇరవై రెండేళ్లవాడికి ఆ మాత్రం ఆలోచనే వస్తుంది.

శేషమ్మ గారు కొట్టుకి వచ్చారు

దసరాకి ముందు ఒకరోజు పొద్దున్న, కొట్టు నిండా జనం ఉండగా, శేషమ్మ గారు దిగారు. వెనకాల పాలేరు నెత్తి మీద మూట. మూట విప్పితే అన్నీ పలకలే. ఆవిడవి, ఇరుగు పొరుగువి.

"ఏడీ ఆ వేలు కోసుకున్న అబ్బాయి?"

నేను లాంతర్ల వెనక్కి జరిగాను. లాభం లేకపోయింది.

"ఏం నాయనా, నిన్ను నమ్మి కొంటే నన్ను అక్షరాల మీద కూర్చోబెడతావా? మా ఊరి బడిపంతులు గారు ఇంటికొచ్చి చూసి, 'అమ్మా, మీరు చదువు మీద కూర్చున్నారు' అన్నాడు. ఎంత పాపం! కాగితం కాలికి తగిలితే కళ్లకద్దుకునే ఇల్లు మాది. ఇన్నాళ్లూ పొయ్యి ముందు సరస్వతిని కింద వేసుకు కూర్చున్నానయ్యా నేను!"

ఆవిడ కళ్లలో నీళ్లు తిరిగాయి. కోపం కంటే భయం ఎక్కువ కనిపించింది. ఇంగ్లీషు అక్షరాలు కదండీ అని ఎవరో నసిగారు. "అయితే ఏం? ఇంగ్లీషు వాళ్లకి చదువుల తల్లి వేరే ఉందా?" అని అతని నోరు మూయించారు. నేను దిమ్మెరపోయాను. పద్మశాలీల ఇంట్లో పుట్టి, పుస్తకం తొక్కితే మా అమ్మ చేత వీపు చీరించుకున్నవాణ్ణి, నాకు ఈ సంగతి తోచనే లేదు.

కోటిలింగం గారికి ఎప్పుడూ ఏదో ఒక ఉపాయం సిద్ధంగా ఉంటుంది.

"అమ్మగారూ, మీరేం బాధపడకండి. ఎదురుగా వడ్రంగి ఉన్నాడు. ఇప్పుడే చిత్రిక పట్టించి ఆ అక్షరాలు లేపేయిస్తాను. గోదాములో మిగతావి కూడా నున్నగా చేయించేస్తాను. ఇంక అంతా పీటే."

వడ్రంగిని పిలిపించారు. కొట్టు అరుగు మీదే అతను ఒక పలకని కాళ్ల మధ్య బిగించి చిత్రిక ఆడించాడు. తెల్లటి చెక్క పొరలు చుట్టలు చుట్టుకుంటూ రాలాయి. ఒక వైపు గోధుమ వెన్నులు సగానికి పోయాయి.

"ఆపు!" అని ఒక కేక వినిపించింది. దానియేలు గారి గొంతు అంత పెద్దగా ఉంటుందని నాకు అంతవరకూ తెలియదు. గబగబా వచ్చి వడ్రంగి చేతిలోంచి పలక లాక్కున్నారు. కోటిలింగం గారి నవ్వు పెదాల మీదే ఉండిపోయింది.

దానియేలు గారు శేషమ్మ గారి ముందుకు వెళ్లి నిలబడ్డారు.

"అమ్మా, మావాడు మీకు తప్పు చెప్పాడు. ఇది పీట కాదు. చెరిపేస్తే పీట అయిపోదు. ఇది ఏంటో నేను చెప్తాను, విన్నాక మీకు వద్దంటే ఇచ్చేసి వెళ్లండి."

"ముందు దాని మీద ఏం రాసుందో చెప్పు పెద్దాయనా. బూతులేం కాదు కదా?"

"కాదమ్మా. రొట్టె అని రాసుంది. ఇవి వరి కంకులు కూడా కాదు, గోధుమ వెన్నులు. వాళ్లకి గోధుమ పండుద్ది, రొట్టే వాళ్ల అన్నం. మనం తిండిని అన్నం అన్నట్టు వాళ్లు రొట్టె అంటారు. అంటే అన్నం అని రాసుందన్నమాట."

"అన్నం అనా?"

"అవునమ్మా. ఇంటిల్లిపాదీ చుట్టూ కూర్చుంటారు. మధ్యలో దీని మీద రొట్టె పెడతారు. పెద్దవాళ్లు కోసి అందరికీ పంచుతారు. ఎవరూ దీని మీద కూర్చోరు. కింద కూడా పెట్టరు."

శేషమ్మ గారు పలక అందుకున్నారు. కాసేపు ఆ అక్షరాల మీద వేలు తిప్పారు, చదవడం వచ్చినట్టే. తర్వాత రెండు చేతులతో ఎత్తి కళ్లకద్దుకున్నారు.

"అన్నం పరబ్రహ్మం అంటారు. దాన్ని తీసుకెళ్లి ఎక్కడ పెట్టానో చూడు! ఏం కాదులే, తెలియక చేశాను, తల్లి క్షమిస్తది" అన్నారు. ఆవిడ ముఖం కాస్త తేటపడింది. "అయితే పెద్దాయనా, పొయ్యి మీంచి అన్నం గిన్నె దింపి దీని మీద పెట్టుకుని వడ్డించొచ్చా? మసి అంటుకుంటదేమో గానీ."

"గిన్నె అడుగు తుడిచి పెట్టుకోండమ్మా. మసి అంటినా చింతపండు రాస్తే పోద్ది. దాని పని అదే. అందుకే చేశారు దాన్ని."

ఆవిడ మూట మళ్లీ కట్టించారు. ఒక్క పలక కూడా వదిలిపెట్టలేదు. సగం చిత్రిక పట్టినది కూడా, పాపం దాన్నెందుకు వదిలెయ్యడం అని, తీసుకుపోయారు.

అమ్మకం అంటే

ఆ రోజు నుంచి నేను పలక చూపించేటప్పుడు దానియేలు గారు చెప్పిన మాటలే చెప్పాను. ఒక్కటి కలపలేదు, ఒక్కటి తియ్యలేదు. ఇది మీ పని కోసం చేసింది కాదండీ, వాళ్ల రొట్టె కోసం చేసింది, మీద అన్నం అనే అర్థం వచ్చే మాట ఉంది, తొక్కకూడదు, కూర్చోకూడదు. అంతే. చేతులు కట్టుకుని ఊరుకునేవాణ్ణి. అడగాల్సింది వాళ్లే అడిగేవాళ్లు. అన్నం గిన్నె కిందకి ఒకరు, పూజలో నైవేద్యం పెట్టడానికి ఒకరు, కాఫీ గ్లాసులు పెట్టుకోవడానికి ఒకరు, మా పెడనలో మా మేనత్త అయితే పండ్లు కోసి పంచడానికి అని తీసుకుంది. ఇబ్రహీంపట్నం వైపు కూడా పోయాయి.

దానియేలు గారు ఆ నెలల్లో నాతో పాటు ఊళ్లకి వచ్చారు. బస్సు తోసే దగ్గర "నువ్వుండవోయ్, నేనూ ఓ చెయ్యి వేస్తా" అనేవారు. ప్రతి ఇంట్లో ఆడవాళ్లతో ఓపిగ్గా మాట్లాడేవారు. చూసుకునే పద్ధతి చెప్పకుండా ఎవరికీ పలక ఇచ్చేవారు కాదు. ఆయన అంత సంతోషంగా ఉండటం నేను అదే మొదటిసారి చూడటం. నేను మనసులో పెట్టెలు ఖాళీ అవడం చూసుకుంటూ, ఇంక ఈయన కుర్చీకి తిరుగులేదు అనుకునేవాణ్ణి.

వరికోతల నాటికి ఆఖరి పలక కూడా పోయింది.

అదే సాయంత్రం కోటిలింగం గారు మా ఇద్దర్నీ లోపలికి పిలిచారు. ఎప్పటిలాగే నవ్వారు.

"సంతోషం. బ్రహ్మాండంగా అమ్మారు. ఇంక సీమ సరుకు వచ్చే దారి కనపడటం లేదు. ఓడలు లేవు. ఇంగ్లీషు సామాను లేకపోతే ఇంగ్లీషు సామాను మనిషికి మాత్రం ఇక్కడ పనేం ఉంటుంది? రేపట్నుంచి రానక్కర్లేదు దానియేలూ."

'గారు' లేదు. నోరు జారి వదిలేసింది కాదు, నేను ఆయన ముఖం చూశాను. ఒక మనిషితో పని అయిపోయిందని ఆయన అలా చెప్పారు. నేను ఏదో అనబోతే "నువ్వు ఉంటావులే నాగేశం, నీ కాళ్లు బాగున్నాయి" అన్నారు.

కొంతకాలానికి దానియేలు గారు ఏలూరు దగ్గర ఒక బంగళాలో వంటకి కుదిరారని తెలిసింది. నేను కోటిలింగం గారి దగ్గరే ఇంకా చాలా ఏళ్లు చేశాను. అన్యాయం జరిగిందని వదిలేసి రావాల్సింది కదా అని మీరు అడగొచ్చు. మా ఇంట్లో తినే నోళ్లు ఉన్నాయి, అంతకు మించి జవాబు లేదు నా దగ్గర. యజమానికి కృతజ్ఞత ఉండాలని ఎదురుచూడకండి. అది జీతంలో భాగం కాదు. తోటివాడి దగ్గర దొరికితే మాత్రం దాచుకోండి.

ఇంటిదాకా

పని పోయిన ఆ సాయంత్రం నేను దానియేలు గారిని ఇంటిదాకా దిగబెట్టాను. ఏలూరు కాలువ గట్టు వెంట నడుస్తున్నాం. ధాన్యం పడవలు ఒకదాని వెనక ఒకటి పోతున్నాయి. కోటిలింగం గారిని నోటికొచ్చినట్టు తిట్టాను.

"మీకు ముందే అనుమానం రాలేదాండీ?" అన్నాను చివరికి.

"అనుమానం ఏంటోయ్, తెలుసు. సరుకు ఉన్నన్నాళ్లే నేను. ఆ మాట గోదాములోనే చెప్పాడు కదా, నవ్వుతూ."

"మరి నాకెందుకు చెప్పలేదు? మెల్లగా అమ్మేవాళ్లం. ఓ పెట్టె పక్కన పెట్టుకుంటే ఇంకో ఏడాది లాగేవాళ్లు మీరు."

"అందుకే చెప్పలేదు. చెప్తే నువ్వు అమ్మేవాడివా? దాచి కూర్చుంటే అమ్మేవాడు అనరు నాగేశం, వాచ్‌మన్ అంటారు" అని నవ్వారు. తర్వాత, "అమ్మకపోతే వాడు చిత్రిక పట్టించేవాడు. నువ్వు చూశావు కదా" అన్నారు. ఆ మాట అన్నప్పుడు నవ్వలేదు.

చర్చి వెనక సందులో వాళ్ల ఇల్లు. గుమ్మంలో ఆయన భార్య సువార్తమ్మ గారు బియ్యం ఏరుతున్నారు. మమ్మల్ని చూసి లేచారు.

"ఏవండీ, పెందలాడే వచ్చారు?"

"సరుకు అయిపోయింది సువార్తా. ఆఖరిది కూడా పోయింది."

ఆవిడ చేట పక్కన పెట్టి రెండు చేతులూ జోడించారు. "స్తోత్రం ప్రభువా! నాగేశం బాబూ, నీకు తెలీదు, పోయిన దసరా ముందర నుంచీ ప్రతి ఆదివారం గుళ్లో మనసులోనే ప్రార్థన చేసుకున్నాను. మా ఆయన పలకలు అమ్ముడుపోవాలి, ఉద్యోగం నిలబడాలి అని. ఆయనకి చెప్తే నవ్వుతారని చెప్పలేదు. విన్నాడు చూడు దేవుడు! ఇంక మాకు బెంగ లేదు కదండీ?"

నేను దానియేలు గారి వైపు చూశాను. ఆయన చెప్పులు విప్పి గోడ పక్కన సర్దుకుంటున్నారు. సర్దడానికి ఎంతసేపు పడుతుంది? ఆయనకి చాలాసేపు పట్టింది.

"నీళ్లు పెట్టు, కాళ్లు కడుక్కుంటాం" అన్నారు. "నాగేశం కూడా మనతోనే తింటాడు. అన్నం తిన్నాక మాట్లాడుకుందాం."

ఆవిడ ఇంకా స్తోత్రం చెప్పుకుంటూనే, ఏరిన బియ్యంలో ఇంకో గుప్పెడు కలిపి, నవ్వుతూ లోపలికి వెళ్లారు.